నీళ్లు మింగి పగిలిన స్విఫ్ట్ డీజిల్ ఇంజన్: గేర్‌బాక్స్‌తో సహా దించడం, మార్చడం, తిరిగి ఎక్కించడం

మీరు రాసినదాన్ని బట్టి జరిగింది ఇది. విశాఖపట్నంలో జ్ఞానాపురం రైల్వే వంతెన కింద నిలిచిన వాన నీటిలో మీ 2012 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఆగిపోయింది. మీరు వెంటనే మళ్లీ స్టార్ట్ చేయబోయారు. మూడో ప్రయత్నంలో అది స్టార్టయి, తడబడుతూ నడిచి, కాన్వెంట్ జంక్షన్ చేరేలోపు పెద్ద చప్పుడుతో మళ్లీ ఆగింది. ఇప్పుడు బ్లాక్ (సిలిండర్లు ఉండే పెద్ద లోహపు దిమ్మ) పక్కన చిల్లు కనబడుతోంది, ఆయిల్ అంతా కారిపోయింది. ఇంజన్‌ను, గేర్‌బాక్స్‌ను జంటగా సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి వేద్దామని మెకానిక్ అంటున్నారు. మీరు, మీ బావమరిది కలిసి మర్రిపాలెంలోని మీ ఇంటి పోర్టికోలోనే ఆ పని చేసుకోగలరా అన్నది మీ ప్రశ్న.

గాజువాక ఆటోనగర్‌లో ఇరవై ఎనిమిదేళ్లు ఈ పనిలోనే ఉన్నాను కనుక సూటిగా చెబుతాను. ఇంజన్ మార్చక తప్పదు. గేర్‌బాక్స్‌ను మార్చవలసిన అవసరం బహుశా ఉండదు. పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు, కాని దించడం, ఎక్కించడం మీద మీరు పెట్టుకున్న భయాన్ని తీసి, ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ నేల మీద ఉన్న ఆ ఒకటి రెండు రోజుల మీద పెట్టండి. నేను చూసిన చెడిపోయిన పనులలో ఎక్కువ భాగం అక్కడే చెడిపోయాయి.

ముందుగా అసలు ఏమి విరిగిందో తెలియాలి, ఎందుకంటే ఏది బాగుందో దాన్ని బట్టే తెలుస్తుంది. మీ ఇంజన్ 1248 సీసీ, నాలుగు సిలిండర్లు, అంటే ఒక్కో సిలిండర్ 312 సీసీ. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని పైన మిగిలే చోటు 20 మిల్లీలీటర్లకు మించదు. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. కాబట్టి గాలి పీల్చే గొట్టం గుండా నాలుగైదు చిన్న చెంచాల నీరు ఒక సిలిండర్‌లోకి చేరినా పిస్టన్ పైకి వెళ్లే దారి మూసుకుపోతుంది, పిస్టన్‌ను క్రాంక్‌కు (ఇంజన్ ప్రధాన ఇరుసుకు) కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తో ఇంజన్ కొద్దిసేపు నడవగలదు. మీ ఇంజన్ కూడా అలాగే నడిచి, ఆ రాడ్ విరిగి బ్లాక్‌ను పొడిచింది. నీటిలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయకుండా తోయించుకుని, సిలిండర్లను వేడెక్కించే గ్లో ప్లగ్గులు విప్పి, క్రాంక్‌ను చేత్తో తిప్పి నీరు బయటకు పోనిస్తే చాలాసార్లు ఇంజన్ దక్కుతుంది. మీ విషయంలో ఆ అవకాశం దాటిపోయింది గాని, ఇది చదివే మరొకరికి పనికొస్తుందని రాస్తున్నాను. బీమా గురించి కూడా ఒక మాట. మామూలు సమగ్ర పాలసీ ఇలా నీరు చేరి ఇంజన్ పగిలిన నష్టాన్ని సాధారణంగా కట్టదు, ఇంజన్ రక్షణ కోసం అదనపు ప్రీమియం కట్టి ఉంటేనే ఆశ. ఒక్క బోల్టు విప్పక ముందే మీ పాలసీ కాగితం తీసి చూసుకోండి, ఎందుకంటే సర్వేయర్ చూడకుండా విప్పిన ఇంజన్‌కు క్లెయిమ్ రాబట్టడం కష్టం.

ఈ దెబ్బ అంతా సిలిండర్‌లో, రాడ్ మీద పడింది. ఇంజన్ ఒక్కసారిగా బిగుసుకున్నప్పుడు గేర్‌బాక్స్ మీద పడే కుదుపును క్లచ్ ప్లేటు చాలావరకు జారి మింగేస్తుంది. అందువల్ల మీ గేర్లు, సింక్రోనైజర్లు పగలడానికి కారణం కనబడదు. అయితే నీరు గాలి గొట్టం ఎత్తు వరకు వచ్చిందంటే గేర్‌బాక్స్ బ్రీదర్ (లోపలి గాలి బయటకు పోయే సన్నని రంధ్రం) గుండా లోపలికి కొంత చేరి ఉండవచ్చు. డ్రెయిన్ బోల్టు తీసి కొద్దిగా నూనెను గాజు గ్లాసులో పట్టండి. అది తేనె రంగులోనో నల్లగానో ఉంటే మంచిదే. మజ్జిగలా తెల్లగా ఉంటే నీరు చేరినట్టు. అప్పుడు కూడా త్వరగా కడిగించి, బేరింగులు, సీళ్లు మార్పిస్తే సరిపోతుంది. ఎవరో ఏళ్ల తరబడి ఎలా నడిపారో తెలియని గేర్‌బాక్స్ కన్నా, నిన్నటి వరకు చప్పుడు లేకుండా నడిచిన మీ గేర్‌బాక్స్ మేలు. జంటగా కొనమనడంలో దుకాణానికి లాభం ఉంటుంది గాని మీకు ఉండదు.

ఇక ఇంజన్ వేట. మారుతీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి సెకండ్ హ్యాండ్ మార్కెట్టే మీకు దారి. 1248 సీసీ అన్న అంకె చూసి మాత్రం ఏదిపడితే అది తేవద్దు. ఆ పరిమాణపు ఇంజన్ రిట్జ్, డిజైర్, ఎర్టిగా, ఎస్‌ఎక్స్4 లలోనే కాక టాటా, ఫియట్ బండ్లలో కూడా వచ్చింది. వాటిలో 75 హార్స్ పవర్ రకం వేరు, ఎస్‌ఎక్స్4, ఎర్టిగా లలోని 90 హార్స్ పవర్ రకం వేరు. టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి పంపే పరికరం), దాని గొట్టాలు, సంప్ (అడుగున ఉండే ఆయిల్ తొట్టి), ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ బ్రాకెట్లు, సెన్సార్ల సాకెట్లు మారిపోతాయి. మీ మోడల్ స్విఫ్ట్ లేదా డిజైర్ నుంచి, అదే భారత్ స్టేజ్ (పొగ కాలుష్యం) ప్రమాణానికి తయారైన ఇంజన్‌నే వెతకండి. హాఫ్ ఇంజన్ (హెడ్, అంటే సిలిండర్ల పై భాగం, లేనిది) తెచ్చి మీ హెడ్‌ను దాని మీద పెట్టే ఆలోచన చేయకండి, ఎందుకంటే మీ రాడ్ విరిగినప్పుడు వాల్వులకూ హెడ్‌కూ ఏమైందో విప్పితే గాని తెలియదు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు వందల కార్లు నీళ్లలో నిలిచాయి. అలా మునిగిన బండి ఇంజన్ పైకి కడిగి పాలిష్ చేస్తే కొత్తదానిలా మెరుస్తుంది. మీరు మునిగిన ఇంజన్‌ను తీసి మరో మునిగిన ఇంజన్‌ను పెట్టుకోకూడదు కదా. ఆల్టర్నేటర్ లోపలి రాగి తీగల మీద ఎండిన బురద గీత ఉందేమో టార్చి వేసి చూడండి. ఆయిల్ మూత లోపలి వైపు మీగడ లాంటి పొర ఉందేమో వేలితో తీసి చూడండి. ఫ్లైవీల్‌కు (ఇంజన్ వెనుక తిరిగే బరువైన చక్రానికి) క్లచ్ ప్లేటు తుప్పుతో అతుక్కుని ఉంటే ఆ ఇంజన్‌ను అక్కడే వదిలేయండి. గ్లో ప్లగ్గు రంధ్రం నుంచి సన్నని కెమెరా దించి బోరు (సిలిండర్ లోపలి) గోడలు చూపించమని అడగండి. మంచి దుకాణదారుడు కాదనడు. చెట్టు పడి వెనుక భాగం నుజ్జయిన బండి దొరికితే అది అన్నిటికన్నా మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయిన తరువాత ఆరు నెలల పాటు నా దగ్గరకు వచ్చిన ఇంజన్లలో అలాంటివే ఎంతో కాలం నడిచాయి. బిల్లు మీద ఇంజన్ నంబరు రాయించుకోవడం, అది తీసిన బండి ఆర్.సి. నకలు తీసుకోవడం మరచిపోకండి. ఆ కాగితాలు ఇవ్వలేనన్నవాడి దగ్గర ధర ఎంత తక్కువైనా కొనవద్దు.

పనికి వద్దాం. పోర్టికో పైకప్పులో ఫ్యాను కొక్కెం ఉంది, దానికి చైన్ పుల్లీ తగిలిస్తాం అని రాశారు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసి సుమారు రెండు వందల కిలోల దాకా ఉంటాయి. బిగుసుకున్నదాన్ని లాగేటప్పుడు పడే బరువు అంతకన్నా ఎక్కువ. ఫ్యాను కొక్కెం దానికోసం పోసింది కాదు. చక్రాల మీద నడిచే ఇంజన్ క్రేన్‌ను ఒకటి రెండు రోజులకు అద్దెకు తీసుకోండి. ఇక్కడ కూడా మన ఊరి చిక్కు ఒకటి ఉంది: కొండల మధ్య ఊరు కనుక చాలా ఇళ్ల ముందు నేల రోడ్డు వైపు వాలుగా ఉంటుంది. ఇంజన్ వేలాడుతున్న క్రేన్ వాలులో తనంతట తాను కదలడం మొదలుపెడితే ఇద్దరు మనుషులు ఆపలేరు. నేల మట్టంగా లేకపోతే ఆ ఒక్క పనిని మాత్రం గ్యారేజీలో చేయించుకోండి.

ఈ కార్లలో ఇంజన్‌ను పైనుంచి ఎత్తడం కన్నా, సబ్‌ఫ్రేమ్ (ఇంజన్ కింద ఉండే ఉక్కు చట్రం) విప్పి, బండిని పైకి లేపి, ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపి కిందికి దించడమే సులభం. బండిని ఎత్తే లిఫ్ట్ ఉన్నచోట అందరూ అలాగే చేస్తారు. మీకు లిఫ్ట్ లేదు కనుక బానెట్, రేడియేటర్, దాని ముందున్న అడ్డపట్టీ తీసేసి, గేర్‌బాక్స్ వైపు కొద్దిగా కిందికి వాల్చి, పైనుంచి లాగండి. ఎలా చేసినా రెండింటినీ కలిపే తీయండి. బండిలో ఉండగానే గేర్‌బాక్స్‌ను విడదీస్తే ఖాళీ చాలక దాని బరువంతా ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఇరుసు) మీద వేలాడుతుంది.

పనికి రెండు రోజుల ముందు నుంచే సబ్‌ఫ్రేమ్, సైలెన్సర్, మౌంటింగుల బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొడుతూ ఉండండి. సముద్రపు గాలికి బీచ్ రోడ్డు, ఎం.వి.పి. కాలనీ వైపు బండ్లకు ఈ బోల్టులు ఎంతగా పట్టుకుపోతాయంటే, బాడీ లోపల వెల్డింగ్ చేసిన నట్టు ఊడి బోల్టుతో కలిసి తిరగడం మామూలు. మర్రిపాలెం అంత దగ్గర కాకపోయినా ధీమాగా ఉండకండి. తిరగని బోల్టును పొడవాటి గొట్టం తగిలించి బలవంతంగా తిప్పడం కన్నా, కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ నూనె వేసి ఓపికగా విప్పండి.

బ్యాటరీ మైనస్ తీగ ముందు, ప్లస్ తరువాత విప్పండి. కూలెంట్, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ దించేయండి. ఏ.సి. కంప్రెసర్‌ను గొట్టాలు విప్పకుండా బ్రాకెట్ నుంచి మాత్రమే విడదీసి, తాడుతో పక్కకు కట్టేస్తే గ్యాసు పోదు, మళ్లీ నింపించే ఖర్చూ ఉండదు. డీజిల్ హై ప్రెషర్ గొట్టాలలో నడిచేటప్పుడు వెయ్యి బార్‌కు పైగా ఒత్తిడి ఉంటుంది; ఇంజన్ నడుస్తుండగా వాటిని వదులు చేసి పరీక్షించే పాత అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. విప్పిన ప్రతి గొట్టం మూతికి వెంటనే శుభ్రమైన మూత పెట్టండి. ఇంజెక్టర్‌ను పాడుచేయడానికి ఇసుక రేణువంత మురికి చాలు. వైరింగ్ ప్రతి సాకెట్‌ను విప్పే ముందు ఫొటో తీసి, సాకెట్ రెండు వైపులా ఒకే గుర్తు ఉన్న టేపు చుట్టండి. బాడీ ఎర్త్ పట్టీని మాత్రం మరచిపోయేవారే ఎక్కువ: ఎత్తేటప్పుడు అదొక్కటే పట్టుకుని తెగుతుంది, తిరిగి పెట్టేటప్పుడు మరిచిపోతే స్టార్టర్ కరెంటు గేర్ కేబుల్ గుండా వెళ్లి దాన్ని కాలుస్తుంది.

డ్రైవ్ షాఫ్టులను (గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు వెళ్లే ఇరుసులను) షాఫ్ట్ పట్టుకుని లాగవద్దు. అలా లాగితే లోపలి జాయింట్ విడిపోయి దానిలోని భాగాలు, గ్రీజు నేల మీద పడతాయి. గేర్‌బాక్స్‌కూ జాయింట్‌కూ మధ్య చదునైన బద్ద పెట్టి ఒక్క పెట్టున పెకలించండి.

ఇంజన్ నేలకు దిగింది. ఇక్కడి నుంచి తొందరపడకండి. ఎంత తక్కువ ఖర్చులో చేయాలనుకున్నా, కొత్తగా తెచ్చిన ఇంజన్ నేల మీద ఉండగానే టైమింగ్ చైన్ కిట్, నీటి పంపు, థర్మోస్టాట్, సంప్ సీలింగ్, క్రాంక్ వెనుక ఆయిల్ సీలు మార్చండి. ఆయిల్ ఆలస్యంగా మార్చిన ఇంజన్లలో ఆ చైన్ సాగుతుంది, ఆ ఇంజన్‌కు ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో మీకు ఎవరూ చెప్పరు. సంప్ దించినప్పుడు ఆయిల్ జల్లెడ కూడా చూడండి. మీ పాత ఇంజన్ నుంచి ఇన్‌టేక్ గొట్టాలు వాడుకుంటున్నట్లయితే వాటిలో నీరు, లోహపు ముక్కలు లేకుండా కడగండి. ఒక్క ముక్క కొత్త టర్బో రెక్కలను తినేస్తుంది. రాత్రి పనిని వదిలి వెళ్లేటప్పుడు తెరిచిన రంధ్రాలన్నింటినీ మూసి, బయటికి కనబడే ఇనుప భాగాల మీద నూనె రాసి ప్లాస్టిక్ కప్పండి. మన ఊరి తేమకు, అందులోనూ వానాకాలంలో, తుడిచిన ఇనుము మీద తెల్లారేసరికి ఎర్రటి పొర వస్తుంది.

ఇప్పుడు నేను ఎక్కువగా చెప్పదలచుకున్న విషయం. ఇంజన్ వెనుక ముఖానికీ గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్‌కూ (క్లచ్‌ను కప్పే గంట ఆకారపు భాగానికీ) మధ్య రెండు డోవెల్ పిన్నులు ఉంటాయి. చూడడానికి చిన్న ఉక్కు గొట్టం ముక్కల్లా ఉంటాయి. బోల్టులు రెండింటినీ పట్టి ఉంచుతాయి, కాని రెండింటి మధ్యరేఖను ఒకే గీతలో నిలిపేది ఆ పిన్నులే. విడదీసినప్పుడు అవి ఏ వైపు అంటుకుని ఉండిపోతాయో చెప్పలేం. నేను సొంతంగా షెడ్డు పెట్టుకున్న రెండో ఏట ఒక ఇంజన్ మార్చాను. పిన్నులు పాత ఇంజన్‌తో పాటే తుక్కు బండి ఎక్కి వెళ్లిపోయాయి, నేను గమనించలేదు. బోల్టులు చక్కగా బిగిశాయి, బండి స్టార్టయింది, కస్టమర్ సంతోషంగా వెళ్లిపోయారు. మూడు నెలల తరువాత క్లచ్ వదిలేటప్పుడు వణుకుతోందని, మూడో గేరు జారుతోందని తిరిగి వచ్చారు. విప్పి చూస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ ఒకవైపే అరిగిపోయింది. కంటికి కనబడనంత పక్కకు జరిగిన గేర్‌బాక్స్, నిమిషానికి రెండు మూడు వేల సార్లు ఆ షాఫ్ట్‌ను వంచుతూ వచ్చింది. ఖర్చంతా నేనే భరించాను. అప్పటి నుంచి పాత ఇంజన్ షెడ్డు దాటే ముందు ఆ రెండు పిన్నులు నా జేబులో ఉంటాయి.

కలిపేటప్పుడు కొత్త క్లచ్ ప్లేటును దాని మధ్యగుండు ఎటువైపు ఉండాలో చూసి పెట్టి, మధ్యలో నిలిపే ప్లాస్టిక్ సాధనంతో సరిచేసి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. రిలీజ్ బేరింగ్ ఎలాగూ కొత్తదే వేస్తారు. ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ల మీద గ్రీజు పూసినట్టు కూడా తెలియనంత పలుచగా రాయండి, ఎక్కువైతే క్లచ్ ప్లేటు మీదికి చిమ్ముతుంది. తరువాత గేర్‌బాక్స్‌ను జాకీ మీద సరైన ఎత్తులో నిలిపి, ఒకరు క్రాంక్‌ను కొద్దిగా తిప్పుతుండగా మరొకరు తోయాలి. రెండు ముఖాలు చేతి బలంతోనే పూర్తిగా కలవాలి. వేలు పట్టేంత ఖాళీ మిగిలిపోయి ఇక కదలడం లేదనుకోండి, అప్పుడు బోల్టులు పెట్టి ఆ ఖాళీని లాగేద్దామని అందరికీ అనిపిస్తుంది. దానికి లొంగితే బెల్ హౌసింగ్ చెవి విరుగుతుంది, లేదా క్లచ్ ప్లేటు గుండు వంగుతుంది. ఖాళీ మిగిలిందంటే కారణం ఉంటుంది: క్లచ్ ప్లేటు మధ్యకు లేదు, తిరగబడింది, పిన్ను వంకరగా ఉంది, లేదా మధ్యలో ఏదో వైరు ఇరుక్కుంది. వెనక్కి తీసి చూడండి. నా శిష్యులకు ఈ ఒక్క విషయంలోనే నేను కోప్పడేవాడిని.

తిరిగి ఎక్కించేటప్పుడు మౌంటింగులు అన్నీ వేళ్లతో తిరిగేంత వదులుగా ఉంచండి. అన్నీ తగిలాక బండి తన చక్రాల మీద నిలిచి ఉండగా ఇంజన్‌ను ముందుకూ వెనక్కూ ఊపి, అది తన చోట కూర్చున్నాక టార్క్ రెంచ్‌తో బిగించండి. హబ్ (చక్రం మధ్యలో ఉండే) నట్టులు పాతవి వాడవద్దు.

స్టార్టయ్యే విషయానికి వస్తే, బండిలోని ఈ.సి.యూ. (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్), తాళం మీవే ఉంచండి. వేరే తాళంతో ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ ఆ రెండింటి మధ్య ఒప్పందం. కాని ఇంజెక్టర్లు కొత్త ఇంజన్‌తో వస్తే ఒక్కో దాని మీద చెక్కిన కోడ్‌ను స్కానర్‌తో మీ ఈ.సి.యూ.లో రాయించాలి, లేకపోతే ఇంజన్ పొగ వదులుతూ, కుదుపుతూ నడుస్తుంది. ఆ కోడ్లను ఇంజన్ ఎక్కించక ముందే ఫొటో తీసుకోండి, తరువాత అద్దం పెట్టి చదవవలసి వస్తుంది. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇంజెక్టర్ సాకెట్లు తీసి ఉంచి, ఆయిల్ దీపం ఆరేవరకు స్టార్టర్‌ను కొద్ది కొద్ది సెకన్లు మాత్రమే తిప్పండి. టర్బో బేరింగులకు నూనె చేరకుండా అది తిరగకూడదు.

కాగితాల సంగతి కూడా అదే వారంలో ముగించండి. ఆర్.సి.లో పాత ఇంజన్ నంబరు ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి ఈ మార్పు వస్తుంది కాబట్టి, కొన్న బిల్లు, పాత ఆర్.సి.తో రవాణా శాఖ కార్యాలయంలో ఆమోదం తీసుకుని కొత్త నంబరు ఎక్కించుకోవాలి, బీమా కంపెనీకి కూడా తెలియజేయాలి. మీది 2012 బండి కనుక 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ 2027లో ముగుస్తుంది. తనిఖీలో చాసిస్, ఇంజన్ నంబర్లు చూస్తారు. అడుగు భాగం ఇప్పటికే తుప్పు తిని ఉంటే, ఆ తనిఖీని తట్టుకోగలదా అన్నది ఇంజన్ కొనక ముందే తేల్చుకోండి.

మొదటి రోజు జాతీయ రహదారి మీద అనకాపల్లి వరకు నెమ్మదిగా వెళ్లి రండి, ఉష్ణోగ్రత ముల్లు మీద కన్ను ఉంచండి. చల్లారాక కూలెంట్ మళ్లీ చూడండి, గాలి బుడగలు వెళ్లి మట్టం తగ్గుతుంది. అంతా బాగుంటే మరునాడు సింహాచలం ఘాట్ ఎక్కించండి. మౌంటింగు, క్లచ్, టర్బో గొట్టాలలో ఏది సరిగా లేకున్నా ఆ ఎక్కుడులో బయటపడుతుంది. 500 కిలోమీటర్లకు ఇంజన్ ఆయిల్, ఫిల్టరు మార్చండి. ఆ కాలమంతా రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరచి, పొద్దున్నే చూస్తూ ఉండండి. బెల్ హౌసింగ్ అడుగున చుక్క పడితే వేలితో తీసి వాసన చూడండి: ఘాటైన గంధకపు వాసన వస్తే గేర్ ఆయిల్, అప్పుడు డ్రైవ్ షాఫ్ట్ సీళ్లవైపు ముందుగా చూడండి. మసిలా నల్లగా ఉంటే అది క్రాంక్ వెనుక సీలు, దానికోసం గేర్‌బాక్స్‌ను మళ్లీ కిందికి దించాలి. ఆ సీలు కొనడానికి వెళ్లినప్పుడు రెండు తెచ్చుకోండి. బిగించేటప్పుడు మొదటిదాని పెదవి మడత పడడం మా షెడ్డులో కూడా జరిగేది.